దర్జీ నోట సాపేక్షం

కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే మాస్టారు కొత్త ప్యాంటు తొడుక్కుని, బొత్తం పట్టక ఊపిరి బిగబట్టారు.

"కొలతలిచ్చాక కాస్త ఒళ్ళు చేశారు సార్," అన్నాడు దర్జీ నసుగుతూ.

"లావూ సన్నం అంటూ విడిగా ఉండవయ్యా. అంతా సాపేక్షం!"

దర్జీకి ముక్క అర్థం కాలేదు. కానీ ఒళ్ళు పెంచుకున్న మనిషి అంత దర్జాగా తప్పించుకోవడం చూసి ముచ్చటేసింది. నడుము వదులు చేసి ప్యాంటు ఇచ్చేశాడు గానీ, మాట మాత్రం అట్టే పెట్టుకున్నాడు.

మర్నాడే వాడేశాడు. చొక్కా చేతులు పొట్టివయ్యాయని గొడవకొచ్చిన లారీ డ్రైవరుతో "పొట్టీ పొడుగూ సాపేక్షం బావా" అన్నాడు. డ్రైవరు నోరు వెళ్ళబెట్టి, చేతులు మడుచుకుని వెళ్ళిపోయాడు. వారం తిప్పించుకున్నావేమని నిలదీసిన నర్సుకి "ఆలస్యం సాపేక్షం మేడమ్" అని చెప్పాడు. చెవులు సరిగా వినపడని ముసలావిడైతే అదేదో రోగమనుకుని, తన రవిక సంగతే మర్చిపోయి, "అయ్యో, ఎన్నాళ్ళ నుంచి నాయనా? డాక్టరుకి చూపించావా?" అని తల నిమిరింది.

చిక్కల్లా మాస్టారి కోటుతో వచ్చింది. సాయంత్రం అయిదింటికి ఆయనకి సన్మానం. నాలుగింటికి కొట్టుకొచ్చి చూస్తే కోటుకి ఎడమ చెయ్యి లేదు.

"పూర్తయిందన్నావు కదయ్యా!"

"పూర్తవడం సాపేక్షం సార్."

మూల కూర్చుని కాజాలు కుడుతున్న దర్జీ భార్య చప్పున తలెత్తింది. మాస్టారి కోపం ఎటు పోయిందో, లోపలి పాఠం పైకి తన్నుకొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఆ మాట ఒంటరిగా నిలబడదయ్యా. దేనితో పోలిస్తే అనడిగితే జవాబుండాలి. చెప్పు, దేనితో పోలిస్తే పూర్తయింది?"

దర్జీ కోటు ఎత్తి చూపించాడు. "నిన్నటితో సార్. నిన్న రెండు చేతులూ లేవు."

మాస్టారు తొడ చరిచారు. "భేష్! మూడేళ్ళు మొత్తుకున్నా మా పిల్లలకి ఎక్కలేదు!" అని ఉదాహరణ మీద ఉదాహరణ మొదలెట్టారు. దర్జీ ఉబ్బి తబ్బిబ్బయి ఊకొడుతుంటే, భార్య కోటు లాక్కుని, చెయ్యి అతికించి, ఇస్త్రీ చేసి ఆయన ముందు పెట్టింది. అప్పటికి అయిదుంపావు. మాస్టారు లబోదిబోమంటూ పరుగెత్తారు.

సోమవారం ఆయన పదకొండుమంది విద్యార్థుల్ని వెంటేసుకొచ్చారు, పాఠం ఆ కొట్లోనే చెబుతానని. దర్జీ జుట్టు దువ్వుకుని సిద్ధమయ్యాడు. భార్య టేపు తీసి, పాఠం మొదలయ్యేలోగా పదకొండుమందికీ చొక్కాల కొలతలు తీసేసింది. ఇవ్వాల్సిన తేదీలు మాత్రం తనే రాసింది, మొగుణ్ణి నోరెత్తనివ్వలేదు.