వాటాల విభజన

ఆ నోటీసు రాసినవాడెవడో గానీ, ఇంట్లో పంపకాలు ఎప్పుడూ చూసి ఉండడు. చూసి ఉంటే ఆ మాట రాసేవాడు కాదు. ‘వాటాల విభజన – ఒకటికి ఐదు’ అని పైన పెద్దక్షరాలు, కింద చీమల బారులాంటి చిన్నక్షరాలు. మా పంపుల ఫ్యాక్టరీలో చీమల్ని చదివే తీరిక ఎవరికుంది? పైన ఉన్నది చదివాం, చాలు. వాటాలంటే ఏమిటో, విభజనంటే ఏమిటో మాకొకరు చెప్పాలా? అన్నదమ్ములున్న ప్రతి కొంపకీ తెలిసిన సంగతే.

మా ఓనర్లు అన్నదమ్ములు. ఇద్దరికీ పడదని గేటు దగ్గర పడుకునే కుక్కకి కూడా తెలుసు.

“ఉన్నది ఇద్దరు కదరా, ఐదు వాటాలెందుకు?” అన్నాను పొగగొట్టంతో. వాడు నా పక్క లేతు మీద పనిచేస్తాడు. సిగరెట్టు ఆరకుండానే ఇంకోటి ముట్టిస్తాడని ఆ పేరు.

“ముగ్గురు అక్కచెల్లెళ్ళు లేరూ? వాళ్ళు ఊరుకుంటారా?” అన్నాడు.

లెక్క సరిపోయింది. భయపడేవాడికి లెక్కలు ఇట్టే సరిపోతాయి.

దాని పక్కనే ఇంకో నోటీసు ఉంది. నడివయసు దాటినవాళ్ళు తమంతట తామే ఉద్యోగం వదులుకుంటే ఏకమొత్తంగా కొంత చేతిలో పెట్టి పంపుతారట. దానికి మేం ‘నవ్వుతూ పొమ్మనే స్కీము’ అని పేరు పెట్టుకున్నాం. శుక్రవారం సాయంత్రం ఆఫీసు కిటికీ మూసేలోగా కాగితం ఇవ్వాలి. ఆ తర్వాత ఏడ్చినా ఇవ్వరు.

బడి సగంలో మానేసి లేతు ముందు నిలబడ్డవాణ్ణి నేను. జుట్టు నెరిసింది గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. బయట నన్ను పిలిచి పనిచ్చేవాడు లేడు. ఫ్యాక్టరీ మునిగేదే అయితే స్కీము సొమ్ము తీసుకుని ఒడ్డున పడాలి. మునగకపోతే, ఆ కాగితం ఇచ్చినవాడంత వెధవ ఇంకొకడుండడు. ఏది నిజమో తేల్చి చెప్పే దిక్కు లేదు. ఆ వారమంతా తిన్నది ఒంటికి పట్టలేదు.

“ఆ కాగితం ఇస్తారా, ఇవ్వరా? ఏదో ఒకటి తేల్చండి బాబూ, మీ మొహం చూస్తుంటే నాకు దడగా ఉంది” అంది మా ఆవిడ శుక్రవారం పొద్దున చెప్పులేసుకుంటూ. ఆమె ఓ లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. నేను భోజనం డబ్బా సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

ఫ్యాక్టరీలో అడుగుపెట్టేసరికి పొగగొట్టం ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. నోట్లో సిగరెట్టుంది గానీ ముట్టించలేదు.

“చూశావురా? నిన్న సాయంత్రం కంపెనీ షేరు పదిహేనొందలు. ఇవాళ పొద్దున మూడొందలు.”

ఒకప్పుడు బోనసు బదులు మనిషికి పదేసి షేర్లు అంటగట్టారు మాకు. అవి ఉన్నాయన్న సంగతే మర్చిపోయాం. ఇప్పుడు షేరు పోయిందని కాదు మా బాధ. రాత్రికి రాత్రి ఐదో వంతుకి పడిపోయిన కంపెనీలో జీతం ఎన్నాళ్ళిస్తారు? వాళ్ళు పంచుకుంటున్నారని నోటీసు చెప్పింది, మునిగామని ధర చెప్పింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇద్దరం కాగితాలు రాసి కిటికీ దగ్గరికి పోయాం. గుమాస్తా ఆవిడ నా కాగితం తీసుకుంటూ మొహంలోకి చూసింది.

“బాగా ఆలోచించుకున్నావా అన్నా? మేనేజరు సంతకం పెట్టేదాకానే వెనక్కిచ్చే వీలుంది. సాయంత్రం పెట్టేస్తారు.”

“ఆలోచించడానికి ఏం మిగిల్చారమ్మా” అన్నాను.

తిరిగొచ్చి మెషీను ఆన్ చేశాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. భోజనం గంట కొట్టగానే డబ్బా తెరవకుండా రోడ్డు దాటాను.

ఎదురుగా మా బావమరిది మొబైల్ రిపేరు కొట్టుంది. షేర్ల పిచ్చి వాడికి. పెళ్ళాం మొహం కంటే గ్రాఫు మొహం ఎక్కువ చూస్తాడు. వాడి దగ్గరికి పోవడం నాకు నామోషీ. కానీ ఆ వేళ నామోషీని గేటు దగ్గరే వదిలేశాను.

“ఒరేయ్, మా కంపెనీ ఎందుకు మునిగిందో చూసి చెప్పు.”

“మునగడమేంటి బావా? నిన్నటికంటే పది పెరిగింది.”

“కళ్ళు దొబ్బాయా? పదిహేనొందలది మూడొందలైతే పెరగడమా?”

వాడు ఊడదీసిన ఫోను పక్కన పెట్టి కంప్యూటరు నావైపు తిప్పాడు. కంపెనీ పాత ధరల పట్టిక. రోజుకో వరస. పొద్దున మొదలైన ధర, ఆ రోజు పైకెళ్ళింది, కిందికొచ్చింది, సాయంత్రం ముగిసింది. చివర్లో ఇంకో గడి, ‘సర్దిన ముగింపు ధర’ అని. నిన్నటి వరసలో ముగింపు పదిహేనొందలు. దాని పక్కన సర్దినది మూడొందలు. మొన్నా అంతే. పోయినేడూ అంతే. ఎంత వెనక్కి పోయినా ప్రతి ధరనీ ఐదో వంతుకి దించేశారు.

నాకు ఒళ్ళు మండింది. పుట్టినప్పట్నుంచీ నన్ను సర్దుకోమన్నవాళ్ళే. ఇంట్లో సర్దుకో, పనిలో సర్దుకో, జీతంలో సర్దుకో. ఇప్పుడు అయిపోయిన రోజుల్ని కూడా సర్దేస్తున్నారన్నమాట.

“దొంగ లెక్కలు! నిన్నటి ధర నేను కళ్ళారా చూశాన్రా. నిన్నని కూడా మార్చేస్తారా?”

“దొంగ లెక్క కాదు బావా. ఒక్కో షేరునీ ఐదు ముక్కలు చేశారు. మీ నోటీసు అదే. వాటాలంటే షేర్లు! నీ పది షేర్లు ఇప్పుడు యాభై. ఐదు మూడొందలు ఎంత?”

“పదిహేనొందలు.”

“మరి ఏం పోయింది?”

వాడు ఇంకా ఏదో చెబుతున్నాడు గానీ నాకు మా పాత డ్రాయింగులు గుర్తొచ్చాయి. ఒకప్పుడు అన్నీ అంగుళాల్లో ఉండేవి. కొత్త మెషీన్లు వచ్చాక పాతవాటితో సహా అన్నిటినీ మిల్లీమీటర్లలోకి మార్చి గీశారు. రెండంగుళాల షాఫ్టు యాభై పాయింటు ఎనిమిది అయింది. షాఫ్టు లావెక్కలేదు, కొలబద్ద మారింది. పాతవాటిని మార్చకపోతే ఎవడో ఒకడు రెండు పక్కన యాభై చూసి గుండాగి చచ్చేవాడు. ఆ చచ్చినవాణ్ణే ఇవాళ నేను.

“మరి చెప్పవేం రా ముందే!”

“నువ్వు అడిగావా? ‘నీ జూదం నువ్వాడుకో’ అన్నావు పోయినసారి.”

లేచి పరిగెత్తాల్సింది. ఆ పట్టిక నన్ను పట్టేసింది. నా బతుకంతా దాంట్లో వరసలుగా ఉన్నట్టనిపించింది.

“మా ఫౌండ్రీ మూసేశారు చూడు, ఆ ఏడు వేసవి. అక్కడికి తీసుకుపో. ఆ సర్దిన గడిలోనే చూడు.”

తీశాడు. ఇనుము పోతపోసే ఆ ఫౌండ్రీవాళ్ళు గేటు బయట కూర్చుని ఏడ్చిన నెల అది. ధర ఎగబాకింది.

“మేం సమ్మె చేసి జీతాలు పెంచుకున్న నెల?”

తగ్గింది.

“కాంట్రాక్టు వాళ్ళని పెట్టుకుని ప్యాకింగువాళ్ళని పంపేసిన ఏడు?”

మళ్ళీ పెరిగింది.

“ఈ స్కీము నోటీసు పెట్టిన రోజు?”

బావమరిది ఈసారి తేదీని రెండోసారి సరిచూసుకున్నాడు. ఆ రోజు నుంచీ మెల్లగా మెట్లెక్కుతోంది ధర.

“నాలుగుసార్లు కుదిరిందని రూలనుకోకూడదు బావా. ఆ రోజుల్లో ఇంకా వంద జరిగుంటాయి. మార్కెట్టంతా పెరిగుండొచ్చు. పాత ధర చూసి రేపటి సంగతి చెప్పగలిగితే నేను ఈ స్క్రూలు ఎందుకు బిగిస్తాను?”

“నీకు రూలు కాదు రా. నాకు కాదనుకునే ధైర్యం లేదు.”

పొద్దున మునిగిందని భయపడి కాగితమిచ్చాను. ఇప్పుడు మునగలేదని తెలిసింది. భయం పోలేదు సరికదా, రెట్టింపైంది. మేం పోతుంటే వాళ్ళకి పెరుగుతోంది. నేను రాసిచ్చిన కాగితం కూడా ఆ ధరలో ఓ పైసానో రెండు పైసలో అయ్యుంటుంది. ఆ ఆలోచన రాగానే లేచాను. పొమ్మంటే అప్పుడు చూద్దాం. వాళ్ళు మెడ పట్టుకోకముందే నేనే మెడ చాపి ఇవ్వడమేంటి?

రోడ్డు ఎలా దాటానో తెలీదు. ఓ బండివాడు అమ్మ మీద తిట్టు తిట్టాడు, తర్వాత చూద్దామని వదిలేశాను. కిటికీ దగ్గర గుమాస్తా ఆవిడ కాగితాలన్నీ దొంతర పెట్టి ఫైలు దారం కడుతోంది.

“అమ్మా, నాది ఇచ్చెయ్యి.”

“అన్నా, ఇప్పుడే పైకి తీసుకెళ్ళబోతున్నా.”

“అందుకే ఇచ్చెయ్యమంటున్నా.”

ఆవిడ దారం విప్పింది. ఒక్కోటీ తిరగేస్తోంది. నా పేరు కోసం చూస్తున్న ఆ కాసేపూ లోపల ఎక్కడో టెలిఫోను మోగుతోంది, మేనేజరు ఆవిణ్ణే పిలుస్తున్నాడనిపించింది. చివరికి దొరికింది. చేతికివ్వగానే నాలుగు మడతలు పెట్టి జేబులో తోసుకున్నాను.

పొగగొట్టానికి సంగతంతా చెప్పాను. షేరు ముక్కలు, సర్దిన గడి, ఫౌండ్రీ, అన్నీ. వాడు శ్రద్ధగా విని దగ్గాడు.

“అయితే వాళ్ళు పంచుకోవట్లేదన్నమాట.”

“లేదు. పరిగెత్తు, నీది కూడా తెచ్చుకో.”

“ఉండనీరా. మునిగినా తేలినా నా ఊపిరితిత్తులు పొమ్మంటున్నాయి. నాకు ధర అవే చెబుతాయి.” లేతు మీది నూనె గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని మడిచి పెట్టాడు. ఎప్పుడూ మడవనివాడు.

వాడు వెళ్ళిపోయాడు. వాడితో పాటు చాలామంది వెళ్ళిపోయారు. వాడి లేతు మీద ఇప్పుడు గుడ్డ కప్పి ఉంది. నాకు కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున లేవగానే ఆ పట్టిక చూస్తాను. భోజనం గంటకి చూస్తాను. తగ్గితే కంపెనీకి ఏమైందోనని గుబులు, పెరిగితే నాకేం మూడిందోనని గుబులు. నా యాభై షేర్లూ నవ్విన రోజున నా లేతు వణుకుతుంది.

మా ఆవిడకి ఇదంతా నచ్చచెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. అర్థం కాలేదేమో అనుకున్నాను. నిన్న లాండ్రీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ అడిగింది.

“ఇవాళ ఎంతండీ?”

“మూడొందల ఇరవై.”

“పెరిగిందా?”

“పెరిగింది.”

తువ్వాలు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

“అయ్యో” అంది. “ఈసారి ఎవర్ని పంపేస్తున్నారట?”