కర్త లేని వాక్యాలు

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె తిప్పుతూ ఆమె తనలో తాను నవ్వుకుంటోంది. ఇస్త్రీ చేస్తూ నవ్వుకునే ఆడమనిషిని చూస్తే ఏ ఇంట్లోనైనా అనుమానమే. సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు ఉండబట్టలేకపోయింది.

"ఏమ్మా, ఆ చొక్కా ఏమైనా జోకు చెప్పిందా?"

"ఏం లేదత్తయ్యా. కాలేజీ సంగతి."

"అక్కడ చదువు చెప్తున్నారా, నవ్విస్తున్నారా?"

రెండూనని చెప్పాలనిపించింది. కానీ నలభై దాటాక డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన కోడలు నవ్వుతూ తిరగడం అత్తగారికి ఎలా ఉంటుందోనని చొక్కా తిరగేసి వీపు మీద ఇస్త్రీ మొదలుపెట్టింది. ఆమె ఒక నర్సరీ బడిలో సహాయకురాలు. పాటలు కట్టేది, అభినయం నేర్పేది, ఏడ్చేవాళ్ళను ఊరుకోబెట్టేది తను. తల్లిదండ్రులు వచ్చినప్పుడు ముందుకొచ్చి "మా దగ్గర ఇలా నేర్పిస్తామండీ" అని చెప్పేది మాత్రం టీచరు. టీచరు కావాలంటే డిగ్రీ కావాలి. డిగ్రీ కావాలంటే మొదటి ఏడాది ఇంగ్లీషు గట్టెక్కాలి. అది తప్పినవాళ్ళకు ముందుకు దారి లేదు, మళ్ళీ అదే చదవాలి.

భర్త ఒప్పుకున్నాడు. ఒక షరతు మీద. "ముందు ఆ ఇంగ్లీషు సంగతి చూడు. అది పోయిందంటే ఇక ఆ సరదా అక్కడితో ఆపేద్దాం. ఇల్లు కూడా చూసుకోవాలి కదా" అన్నాడు. చాలా మెత్తగా అన్నాడు. ఆయన ఏదైనా మెత్తగానే అంటాడు. అరిచే మొగుడైతే ఎదురు చెప్పడానికి సందు దొరుకుతుంది. మెత్తగా మాట్లాడే మనిషితో గొడవ పడితే గయ్యాళి అనిపించుకునేది మనమే. ఆ సంగతి ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది. అందుకే ఆ "ఆపేద్దాం"లో ఉన్న ఇద్దరిలో ఆపాల్సింది ఒక్కరేనని తెలిసినా అప్పుడు తలూపింది.

ఇంతకూ ఆమె నవ్వు సంగతి. క్లాసులో మొదట ఇచ్చిన పని చిన్నదే. మీ ఉదయం గురించి ఒక పేజీ రాయండి. ఆమె మనసులో తెలుగులో అనుకుని, దాన్ని జాగ్రత్తగా ఇంగ్లీషులోకి మోసుకెళ్ళింది. టీ అయింది, వంటయింది, బట్టలయ్యాయి, ఇల్లు శుభ్రమైంది. ఇంగ్లీషులో అది "టీ బికేమ్, కుకింగ్ బికేమ్, క్లోత్స్ బికేమ్" అయింది. పేజీ తిరిగొచ్చేసరికి అంచు పొడవునా ఒకటే మాట. "హూ? హూ? హూ?" చెట్టు నిండా గుడ్లగూబలు వాలినట్టుంది.

ఇంగ్లీషు మేడం ఆమెకన్నా చాలా చిన్నది. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతికే రకం. తన గదిలోకి పిలిచి, ఆ పేజీ మధ్యలో పెట్టి, ఎంతో సీరియస్‌గా అడిగింది.

"టీ ఏమైందండీ? కాఫీ అయిపోయిందా?"

ఆమెకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వు తగ్గాక మేడం కళ్ళు తుడుచుకుంటూ అంది. "మన మాటల్లో పనులు వాటంతటవే అయిపోతాయండీ. ఇంగ్లీషు వాక్యం దగ్గర ఆ పప్పులుడకవు. కర్త లేకపోతే అది అడుగు కదపదు. ఇవన్నీ చేసిందెవరు?"

"ఇంకెవరు చేస్తారండీ, నేనే."

"మరి ఈ పేజీలో మీరు ఎక్కడున్నారు?"

ఆమె వెతికింది. నిజంగానే వెతికింది, కొంగుకు ముడేసుకున్న తాళంచెవి కోసం ఇల్లంతా వెతికినట్టు. ఎక్కడా లేదు. పొయ్యి వెలిగింది, గిన్నెలు కడగబడ్డాయి, దుప్పట్లు మడతలు పడ్డాయి. మనిషి జాడ లేని ఇంట్లో వస్తువులన్నీ వాటంతటవే లేచి పని చేసుకుంటున్నాయి. దయ్యాల కొంప. అందులో ఉంటున్న దయ్యం తనే.

ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె తన మనసును తనే కొత్త మనిషిని చూసినట్టు చూసుకుంది. నేర్చుకున్నది ఇంగ్లీషు వ్యాకరణం ముక్కే కావచ్చు. కానీ అది పంటి సందులో ఇరుక్కున్న పీచులా నాలుకను మళ్ళీ మళ్ళీ అక్కడికే లాగుతోంది. తప్పు తన భాషదా? ఆ మాట ఎంతసేపో నిలవలేదు. ఇదే భాషలో భర్త "నేను ఇల్లు కట్టాను" అంటాడు. ఒక్క ఇటుక ముట్టుకోని మనిషి నిక్షేపంగా కట్టాను అంటాడు. రోజూ చేతులు కాల్చుకునే తను వంటయింది అంటుంది. భాష ఇద్దరికీ కర్తను ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు. తను మొహమాటపడింది. ఎప్పటినుంచి? చిన్నప్పుడు బాగానే ఉండేది కదా, "నేను గెలిచాను, నేను చూశాను, నేను ముందు" అని వీధంతా వినిపించేలా అరిచేది. ఆ నేను ఎక్కడ జారిపోయింది? పోట్లాడి ఎవరూ లాక్కోలేదు. మంచిపిల్ల అని ఒకరు మెచ్చుకున్నప్పుడు కాస్త, అణకువ అని ఇంకొకరు మురిసిపోయినప్పుడు ఇంకాస్త, సబ్బుబిళ్ళలా అరిగిపోయింది. ఆశ్చర్యం ఏమిటంటే ఇదంతా తెలిసినందుకు ఆమెకు ఏడుపు రాలేదు. సరుకు ఎక్కడ పోయిందో తెలిసిన మనిషికి కలిగే హుషారు లాంటిది కలిగింది. దిగాల్సిన స్టాపు దాటి పోయింది.

అప్పటినుంచి ఇంగ్లీషు క్లాసు ఆమెకు పండగే. ప్రతి వ్యాసానికీ ఒక వాదన వాక్యం ఉండాలట. ఎదుటివాడు కాదనడానికి వీలున్న మాటే వాదనట. ఎండగా ఉంది అంటే అది వాదన కాదు. ఇన్నేళ్ళుగా తను ఎవరూ కాదనలేని మాటలే ఏరుకుని మాట్లాడిందని ఆమెకు అప్పుడు తట్టింది. ఎండగా ఉంది, చల్లారిపోతోంది తినండి, కరెంటు పోయింది. ఇంకో నియమం, ఒకరి మాట తెచ్చుకుంటే ఎవరిదో చెప్పాలి, లేకపోతే దొంగతనం. అది విన్న రోజు ఆమె ముక్కులోంచి నవ్వు బయటికొచ్చింది. భర్త స్నేహితుల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకునే చమత్కారాలు సగం ఆమెవే. పొద్దున వంటింట్లో ఆమె అన్న మాట సాయంత్రం హాల్లో ఆయన నోట పేలుతుంది. అందరూ నవ్వుతారు, ఆమె పళ్ళెంలో గ్లాసులు సర్దుకుంటుంది.

అన్నిటికన్నా చిత్రం చిత్తుప్రతి. మొదటి ప్రతి పాడుగా ఉండటమే మర్యాద అంది మేడం. ఇంట్లో ఏ పనికైనా చిత్తుప్రతి ఉందా? మొదటి ముద్దకే ఉప్పు సరిపోవాలి. ఇక్కడ మాత్రం పాడుచెయ్యి, కొట్టెయ్యి, మళ్ళీ రాయి అంటున్నారు. ఒకరి ప్రతి ఒకరు చదివి చెప్పుకోవాలి కూడా. ఆమెకు జంటగా వచ్చిన పిల్ల మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి. "ఆంటీ, ఈ పేరా బోరు. మీ అత్తగారు వచ్చిన చోట మాత్రం అదుర్స్" అంది మొహమాటం లేకుండా. ఆమెకు కోపం రాలేదు సరికదా, పిల్లను ముద్దుపెట్టుకోవాలనిపించింది. కూర బాగా లేదంటే ఇన్నాళ్ళూ తనే బాగా లేనట్టు ముడుచుకుపోయేది. బాగా లేనిది పేరా. తను కాదు. పేరాను బాగుచేసుకోవచ్చు.

చివరి వ్యాసానికి పాసు మార్కులో పెద్ద వాటా. దానికి ఆమె ఎన్నుకున్న వాదన ఇది. ఇంటిపని ఎవరికీ కనబడకపోవడానికి కారణం మన వాక్యాల్లో దానికి కర్త లేకపోవడం. రాసిందే కానీ సాక్ష్యం కావాలిగా. ఒకరోజు గిన్నెలు తుడుస్తూ అడిగింది.

"అత్తయ్యా, మీరెప్పుడైనా 'నేను వండాను' అన్నారా?"

అత్తగారు తలెత్తింది. "అనకేం. మాడినప్పుడు అన్నాను."

"అదేంటి?"

"బాగుంటే కూర కుదిరింది అంటారు. మాడితే నువ్వు మాడ్చావు అంటారు. నలభై ఏళ్ళు కుదిరింది తల్లీ, ఎవరు కుదిర్చారో ఒక్కరూ అడగలేదు. రెండుసార్లు మాడింది. దానికి మాత్రం నా పేరు పెట్టారు." ఆ తర్వాత, తను అన్నది తనకే కొత్తగా వినిపించినట్టు, "ఇది రాస్తావా ఏంటి?" అంది.

"రాస్తాను. మీ పేరు పెట్టి మరీ."

"పెట్టు. స్పెల్లింగు సరిగ్గా చూసుకో" అని అత్తగారు చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది, ఫొటో తీస్తారన్నట్టు.

వ్యాసం పూర్తయింది అని అనబోయి ఆమె నాలుక కరుచుకుంది. వ్యాసం పూర్తిచేసింది. ఆదివారం మధ్యాహ్నం భర్త చూపించమన్నాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉత్తరాలు రాయాలంటే ఆయన తర్వాతే ఎవరైనా. పెన్ను తీసి, కుర్చీ జరుపుకుని, నిజంగా శ్రద్ధగా కూర్చున్నాడు. క్రికెట్ కూడా కట్టేశాడు. ఆ ప్రేమను కాదనడానికి లేదు, అదే చిక్కు.

"ఇన్ని 'ఐ'లు ఏంటి? కిటికీ ఊచల్లా పేజీ నిండా నిలబడ్డాయి" అన్నాడు. "పెద్ద రాతల్లో నేను అనేది ఉండకూడదు. చదివేవాళ్ళకు పొగరులా కనిపిస్తుంది. ఇంకా, అమ్మ సంగతి ఎందుకు? ఇంటి విషయాలు బయట పెట్టుకుంటామా?"

సాయంత్రానికి మొత్తం తనే టైపు చేసి, ప్రింటు తీసి, ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టి ఇచ్చాడు. తళతళలాడుతోంది. ఆమె తెరిచి చదివింది. టీ తయారుచేయబడింది. బట్టలు ఉతకబడ్డాయి. ఇంటిపనికి తగిన గుర్తింపు ఇవ్వబడవలసి ఉంది. ఎవరి చేత ఇవ్వబడాలో కూడా రాయలేదు. ఒక్క తప్పు లేదు. ఒక్క మనిషీ లేదు. అత్తగారు లేదు, ఆమె లేదు. దయ్యాల కొంపకు రంగులేసి, రిబ్బను కట్టి ఇచ్చినట్టుంది.

మర్నాడు ఆమె సంచిలో రెండు ప్రతులూ ఉన్నాయి. భయం ఉంది. తన ప్రతిలో ఎన్ని తప్పులున్నాయో తనకే తెలియదు, క్రియల చివర ఆ "ఎస్" ఎప్పుడూ ఎక్కడో జారిపోతుంది. ఫెయిలైతే షరతు ఉంది. నర్సరీలో టీచరు పక్కన నిలబడి నవ్వుతూ ఉండిపోవడం ఉంది. ఫోల్డరు ఇచ్చేస్తే ఏ గొడవా లేదు, ఆయనా సంతోషిస్తాడు. మనసు ఎంత తెలివైనదో ఆమె చూస్తూనే ఉంది. భయానికి అది వినయం అని పేరు పెడుతోంది, సద్దుకుపోవడానికి తెలివి అని పేరు పెడుతోంది. ఎంత అందంగా పెడుతోంది!

స్టాఫ్ రూము బయట వ్యాసాలు వేసే అట్టపెట్టె ముందు హెడ్‌ఫోన్ల పిల్ల తగిలింది. ఫోల్డరు లాక్కుని నాలుగు లైన్లు చదివింది.

"ఇదేంటాంటీ, బ్యాంకువాళ్ళు పంపారా?"

ఆమె ఫక్కున నవ్వింది. కానీ నిర్ణయం ఆ నవ్వులోంచి రాలేదు. పిల్ల వెళ్ళిపోయాక, పెట్టె ముందు ఒంటరిగా నిలబడి, తళతళలాడే ఆ పేజీని ఒకే ఒక్క మాట అడిగింది. ఎవరు? పేజీ జవాబివ్వలేదు. చేతిరాతతో, కొట్టివేతలతో ఉన్న రెండో ప్రతిని అడిగింది. అది అడక్కముందే చెప్పేలా ఉంది. దాన్ని పెట్టెలో వేసింది. కాగితం అడుగున పడిన చప్పుడు వినిపించింది. మెట్లు దిగుతుంటే రోజూ పట్టే మోకాలి నొప్పి కూడా గుర్తు రాలేదు.

ఇంటికొచ్చేసరికి భర్త హాల్లోనే ఉన్నాడు. అత్తగారు ఆయన పక్కనే కూర్చుని మాత్రలు వేసుకుంటోంది.

"ఇచ్చేశావా?"

"ఇచ్చానండీ."

"చూశావా, ఫోల్డరులో పెడితే ఆ లెక్కే వేరు."

"మీరు రాసింది కాదండీ. నేను రాసింది ఇచ్చాను."

ఆయన టీవీ సౌండు తగ్గించాడు. కోపం రాలేదు. నిజంగా కంగారుపడ్డాడు.

"అందులో తప్పులున్నాయి కదా."

"ఉన్నాయి."

"మా అమ్మ మాటలు కూడా అలాగే ఉంచావా?"

"ఉంచింది" అంది అత్తగారు మంచినీళ్ళు మింగుతూ. "నేనే రాయమన్నాను."

ఆయన ఒకసారి తల్లిని, ఒకసారి భార్యను చూశాడు. తర్వాత ఎప్పటిలాగే మెత్తగా, అసలు మాటకు వచ్చాడు.

"మనం అనుకున్నది గుర్తుందిగా. ఫెయిలైతే?"

ఆమె సంచి భుజం మీంచి దించింది. ఈ ప్రశ్నకు వణుకుతానని బస్సులో అనుకుంది కానీ, ఇప్పుడు గొంతులో ఉన్నది నవ్వు.

"ఫెయిలైతే నేను ఫెయిలవుతానండీ" అంది. "మళ్ళీ నేనే రాస్తాను."