తీసేయాకండి

పుంగనూరులో మా మనవరాలు ఉషారాణి నాలుగో తరగతి చదువుతోంది. వాళ్ల అమ్మానాన్నా టమాటాలు వేసుకుని తెల్లవారకముందే మదనపల్లె మార్కెట్ యార్డుకు పోతారు కాబట్టి, పిల్లను బడికి తీసుకుపోయేది నేనే. దింపి వెంటనే ఇంటికి రాను. మొదటి గంట చూచిరాత. మా ఆయన పోయిన మరుసటి ఏడు ప్రమీల మేడమ్ నాకు చివరి బెంచీలో చోటిచ్చింది. నా చదువంతా ఆ ఒక్క గంటలోనే. గుణింతాలు దాటి ఇప్పుడు ఒత్తుల్లో ఉన్నాను.

ఆ గంట తీసేసి ట్యాబులో టైపు నేర్పించాలని ఉందంటూ సోమవారం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది. ఎవరి అభిప్రాయం వాళ్లు సాయంత్రంలోగా రాయాలట.

పొయ్యి మీద సంగటి ఉంది, చేయి ఖాళీ లేదు. మైకు బొమ్మ నొక్కి చెబితే ఫోనే రాసుకుంటుందని ఉషారాణి నేర్పించి ఉంది. "రాత పీరియడ్ తీసేయాకండి మేడమ్" అని గట్టిగా చెప్పి పంపేశాను.

పొద్దున గేటు దగ్గర మేడమ్ నన్ను ఆపింది.

"ఏం ఎల్లమ్మా, మీరు కూడా వద్దనేస్తిరే. మీ కోసమన్నా ఉంచుదామనుకుంటి."

ఆమె ఫోను చూపిస్తే కూడబలుక్కుని చదివాను. 'రాత పీరియడ్ తీసేయండి మేడమ్.'

"నేను తీసేయాకండి అంటి గదమ్మా, తీయొద్దని."

ఉషారాణి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "అవ్వా, దానికి మన మాట రాదు. టీవీలో మాట్లాడేటోళ్ల మాటే వస్తాది."

మా వీధిలో ఉండే మారెమ్మ ముందుకొచ్చింది. కుప్పం నుంచి వచ్చిన కోడలు. "నాది సూడండి మేడమ్. ఉండనీలే అంటి నేను." ఆమె మాటను ఫోను 'ఉండనీ లేదు' అని రాసి పెట్టింది.

కొడుకును దింపడానికి వచ్చిన మా పక్కింటి ఆదెప్ప బండి స్టాండు వేస్తూ అందుకున్నాడు. "రేపో మాపో నీ మాట గూడా నేర్చుకుంటాది లే అక్కా, నువ్వు ఒత్తులు ముగించేలోపల. టమాటా రేటు ఫోన్లో తెలుస్తాది, బస్సు ఫోన్లో తెలుస్తాది. ఇంగ పిల్లోళ్లకు చేతులు నొప్పి యాల?"

అతను అన్నది నిజమే కావచ్చు.

"సరే. అందరూ కాగితం మీద రాసియ్యండి. మైకు లేకుండా" అంది మేడమ్.

చివరి బెంచీలో కూర్చుని రాశాను. దీర్ఘం మరిచిపోయి, చదువుకుని, మళ్లీ పెట్టాను.

ఉంచమన్నవాళ్లు కొంచెం ఎక్కువే కానీ, తీసేయమన్నవాళ్లూ తక్కువ లేరు. వారంలో మూడు రోజులు రాత, మూడు రోజులు ట్యాబు అని మేడమ్ తేల్చింది. ఒక్క చీటీని మాత్రం కింద పెట్టకుండా చూస్తూ ఉండిపోయింది. అది ఆదెప్పది. అక్షరాలు మల్లెమొగ్గలు గుచ్చినట్టున్నాయి.

"ఎవరు నేర్పించినారప్పా?"

"మా అయివోరు. అక్షరం వంకర పోతే వేళ్ల మీద స్కేలుతో కొట్టేటోడు." ఆదెప్ప తన వేళ్లు చూసుకున్నాడు. "అందుకే తీసేయమంటాండా."

"ఈడ ఎవురూ కొట్టరు. ఈ చీటీ నాకిస్తావా?" అంది మేడమ్.

మళ్లీ రాత రోజున ఆ చీటీ బోర్డు మీద అంటించి ఉంది. ఆ రోజు చూసి రాయాల్సిన పైవరస అదే. పిల్లలు కిసుక్కుమంటూ పదిసార్లు రాశారు, 'రాత పీరియడ్ తీసేయండి' అని.

నేనూ పదిసార్లు రాశాను. పదింటిలోనూ యకు దీర్ఘమిచ్చి, పక్కన క చేర్చాను. మేడమ్ బెంచీ దగ్గరకొచ్చి చూసి, తప్పు పెట్టలేదు.