జంటరాయి మీద లూదియా పేరు

ఆ ఇంట్లో పెళ్లిపనంతా లూదియా చేతి మీదుగానే జరిగింది. వంటవాళ్లకు బియ్యం కొలిచి ఇచ్చింది ఆమె. బంధువులకు మంచాలు, దుప్పట్లు సర్దింది ఆమె. నలుగుపిండి కలిపింది కూడా ఆమే. శనగపిండిలో పసుపూ నూనే వేసి, ఉండకట్టకుండా కలిపి, పళ్లెంలో పెట్టి, భర్తలున్న ఆడవాళ్లను ఐదుగురిని పిలుచుకొచ్చి కూర్చోబెట్టి, తాను మాత్రం వంటింట్లోకి వెళ్లిపోయింది. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్లుగా అలవాటైన పనికి ఎవరు చెప్పాలి?

క్రైస్తవుల ఇళ్లలో ఇలాంటివి ఉండవని కొందరనుకుంటారు. పూజలూ ముహూర్తాలూ మానేసిన ఇళ్లలో కూడా, భర్త పోయిన ఆడమనిషి పని ఎంత చేసినా శుభకార్యంలో పెళ్లికొడుకు మీద చెయ్యి వేయకూడదన్న మాట మాత్రం భద్రంగా మిగిలే ఉంది. నంద్యాల నూనెపల్లెలోని ఆ ఇల్లు అందుకు మినహాయింపేమీ కాదు.

పెళ్లికొడుకు ఫిలిప్, లూదియాకు మరిది. ప్రభుత్వాఫీసులో గుమాస్తా, వయసు నలభై ఆరు. మొదటి భార్య కామెర్లతో పోయి అప్పటికి పది నెలలే. అయినా 2004 మే నెలలో జరిగిన ఆ రెండో పెళ్లిని తప్పుపట్టినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. "పాపం, మగోడు ఒక్కడే ఎట్లుంటాడు?" అన్నారు, కడుపునిండా బిర్యానీ తిని దీవించి వెళ్లారు.

లూదియా భర్త యేసుదాసు ఆ ఫిలిప్‌కు సొంత అన్న. 1995లో ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవాడు గుండె ఆగి మళ్లీ లేవలేదు. అప్పటికి లూదియాకు ముప్పై ఆరేళ్లు. ఆమె ఒక్కతే ఎట్లుంటుందని ఎవరూ అడగలేదు. "ఆమెకేం, బడి ఉండాది, అత్త ఉండాది" అన్నారు. నిజమే, పగలు ఎలిమెంటరీ స్కూల్లో పిల్లలకు పాఠాలు, ఇంటికొస్తే అత్త జీవమ్మకు మందులు, వేణ్ణీళ్లు, జొన్నరొట్టె. ఉన్న ఒక్క కూతురు సుజాతను ఆదోనికి ఇచ్చి పెళ్లి చేసింది. భర్త మీద ఆమెకు ప్రాణం. ఆయన సైకిలు ఎవరూ తొక్కకపోయినా నెలకోసారి గాలి కొట్టిస్తూనే ఉంది.

మరుసటి సంవత్సరం చర్చి పాస్టరు యోహాను గారు యెరూషలేము యాత్రకు మనుషులను కూడగట్టారు. నంద్యాల, ఆళ్లగడ్డ, నందికొట్కూరు సంఘాల నుంచి ముప్పై ఇద్దరు తేలారు. వెళ్లాలని కలలుగన్నది జీవమ్మ. కాని డెబ్భై మూడేళ్ల మోకాళ్లు ఒప్పుకోలేదు.

"నా కాళ్లు యాడ పోతాయి? నా బదులు నువ్ పో" అంది కోడలితో. "కండ్లారా చూసి, వచ్చి నాకు చెప్పు. సీసాలో యోర్దాను నీళ్లు తేవడం మర్చిపోవాకు."

అలా లూదియా నలభై ఆరో ఏట మొదటిసారి విమానమెక్కింది.

టీచరు కాబట్టి మనుషులను లెక్కపెట్టే పని పాస్టరు ఆమెకు అప్పగించారు. బస్సెక్కిన ప్రతిసారీ ఆమె వేలుతో చూపిస్తూ లెక్కపెట్టేది. ప్రతిసారీ ముప్పై ఒకటే వచ్చేది. తప్పిపోయే ఆ ఒక్కడూ ఎప్పుడూ ఒక్కడే, ఆళ్లగడ్డ ఇమ్మానుయేలు. అందరూ ముందుకు నడిచిపోతుంటే ఆయన ఏదో ఒక పాతగోడ దగ్గర గొంతుక్కూర్చుని, రాతిమీద అరచెయ్యి పెట్టి నిమురుతూ ఉండేవాడు. లూదియా వెనక్కి వెళ్లి పిలుచుకు రావలసి వచ్చేది.

"ఏమన్నా, మూడో తరగతి పిల్లోల్లు నీకంటే నయం. చెప్తే వింటారు" అని రెండో రోజు గట్టిగానే కసిరింది.

"కోపం చేసుకోవాకు టీచరక్కా. ఈ రాయి చూడు. మన నల్లరాయి మాదిరి కాదిది, శానా మెత్తంది. పళ్లున్న ఉలితో చెక్కినారు. గీతలు చూడు, ఎంత ఓపికో!"

ఆమె వంగి చూసింది. రాతిలో సన్నటి గీతలు వరసగా ఉన్నాయి. రెండువేల ఏళ్లనాడు ఎవరో పనివాడు కూర్చుని చెక్కిన గుర్తులవి. అంతవరకు పాస్టరు వివరించినవన్నీ చూసింది గాని, ఇలాంటిది చూడాలని ఆమెకు తోచలేదు. ఆరోజు నుంచి ఆయన్ను పిలవడానికి వెళ్లినప్పుడల్లా తానూ కాసేపు నిలబడి చూసేది.

ఇమ్మానుయేలుకు యాభై ఒక్కటి. విగ్రహాలు చెక్కే శిల్పుల దగ్గర ఆయన తండ్రి బండలు మోసే కూలి. అక్కడ తిరుగుతూనే కొడుకు అక్షరాలు చెక్కడం నేర్చుకున్నాడు. ఆళ్లగడ్డలో హైవే పక్కన చిన్న కొట్టం వేసుకుని సమాధి రాళ్లు, చర్చి శంకుస్థాపన ఫలకాలు చెక్కుతాడు. భార్య కిడ్నీలు చెడి చనిపోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. సంచిలో శెనక్కాయల పొడి డబ్బా పెట్టుకొచ్చి, హోటలు వాళ్లు పెట్టే చప్పిడి రొట్టెలతో తిప్పలు పడుతున్న వాళ్లందరికీ తలా ఇంత వడ్డించేవాడు. డబ్బా అడుగంటుతున్నప్పుడు లూదియా పళ్లెంలో మాత్రం రెండో చెంచా పడేది. అది లూదియా గమనించింది. ఆమె గమనించిందని ఆయనా గమనించాడు.

యాత్రలో అందరూ ఒకరినొకరు అన్నా, అక్కా అనే పిలుచుకున్నారు. నాలుగో రోజు నుంచి లూదియాకు ఆ 'అన్నా' నోటికి రాలేదు. ఆయనా 'అక్కా' మానేసి 'టీచరమ్మా' అనడం మొదలుపెట్టాడు. ఈ మార్పు పక్కసీటు వాళ్లకు కూడా తెలియలేదు, ఆ ఇద్దరికీ తెలిసింది.

ఆరో రోజు గలిలయ సముద్రం మీద పడవలో వెళ్తున్నారు. అందరూ పాటలు పాడుతున్నారు. లూదియా చిన్నగా అంది, "మా ఇంటాయన రాయి గూడా ఆళ్లగడ్డలోనే చేయించినారు. యేసుదాసని, నంద్యాల."

ఇమ్మానుయేలు ముఖం మారిపోయింది.

"అది జంటరాయి. రెండో పేరు లూదియా అని. నేనే చెక్కినా. ఆ లూదియా నువ్వేనని నాకు తెల్దు."

ఈ జంటరాయి సంగతి తెలియనివారి కోసం చెప్పాలి. భర్త పోయినప్పుడు రాతిమీద ఆయన పేరు పక్కనే భార్య పేరు కూడా చెక్కిస్తారు. పుట్టిన సంవత్సరం వేసి, పోయిన సంవత్సరానికి ఖాళీ వదులుతారు. మళ్లీ రాయి తెచ్చే పని తప్పుతుందని, భార్యాభర్తల ప్రేమకు గుర్తని చెప్పుకుంటారు. సమాధుల పండుగనాడు పువ్వులు పెట్టడానికి వెళ్లినప్పుడల్లా లూదియా ఆ ఖాళీని చూస్తూనే ఉంది. అందరూ ప్రేమ అన్నారు కాబట్టి తానూ ప్రేమే అనుకుంది.

"ఆమెకు గూడా ఒళ్లు బాగలేదా అని అడిగినా" అన్నాడు ఇమ్మానుయేలు. "చీటీ తెచ్చినాయన, మీ మరిదేమో, నవ్వి, బాగనే ఉండాది, యాడికి పోతాదిలే అన్న్యాడు."

లూదియా పడవ అంచు పట్టుకుంది.

"టీచరమ్మా, ఒకటి చెప్తా. ఇరవై ఏండ్లలో బతికుండే ఆడోళ్ల పేర్లు పద్నాలుగు చెక్కినా. బతికుండే మగోని పేరు ఒక్కటి గూడా చెక్కమని ఎవరూ అడగలేదు. నా పెండ్లాం పోయినప్పుడు ఆయమ్మ రాయి నేనే చేసినా. పక్కన నీ పేరు గూడా వేసుకోప్పా అని నాతో ఒక్కరన్నా అనలేదు. అంతెందుకు, నాకే తోచలేదు."

చుట్టూ పాట సాగుతూనే ఉంది. లూదియాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది దుఃఖం కాదు, కోపం. పదేళ్లలో ఆమెకు తన కోసం కోపం రావడం అదే మొదటిసారి.

"చెక్కిన పేరు తీసేదానికి అయితాదా?" అని అడిగింది.

"అయితాది. పక్క పేరు పగలకుండా నిదానంగా అరగదీయల్ల."

"పక్క పేరుకేం కాకూడదు" అంది ఆమె వెంటనే.

"కాదు. నేను చూసుకుంటా."

చివరకు యోర్దాను ఒడ్డున, ఆమె జీవమ్మ కోసం సీసాలో నీళ్లు నింపుతుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఇన్ని దినాలు నాకోసరం ఎనక్కి తిరిగి చూసినావు టీచరమ్మా. నేను రాకపోతే ఎనక్కి చూసేటోల్లు లేక ఆరేండ్లయింది నాకు. నీకిష్టమైతేనే, మనం పెండ్లి చేసుకుందాం. ఇష్టం లేదంటే ఈ మాట ఈడ్నే ఇడ్సిపెడదాం."

లూదియా సీసా మూత బిగించింది. నీళ్లు కారడం లేదని రెండుసార్లు తలకిందులు చేసి చూసుకుంది. ఈ వయసులో తన గుండె ఇలా కొట్టుకుంటుందని ఆమె అనుకోలేదు.

"ఊరికి పోయినాక చెప్తా. ఈడ చెప్తే యాత్రలో చెప్పిన మాట అయితాది. ఆడ చెప్తేనే లెక్క."

అన్నట్టే నంద్యాల వచ్చిన పదిహేను రోజులకు ఆళ్లగడ్డ బస్సెక్కి, రాతిదుమ్ములో కూర్చుని పని చేసుకుంటున్న ఆయన ముందు నిలబడి, సరేనని చెప్పింది.

ఇంట్లో చెప్పిన రోజు జీవమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. మూడు రోజులు కోడలితో మాట్లాడలేదు. కూతురు సుజాత ఫోనులో ఏడ్చింది. "అమ్మా, నాయన ఫోటో ఏం చేస్తావు?" అంది.

"యాడికి పోతే ఆడికి తీసుకపోతా. మీ నాయన మీద కోపమొచ్చి చేస్తాండే పని కాదమ్మా ఇది" అంది లూదియా. సుజాత ఏడుపు ఆపి, "ఆయన మంచోడేనా?" అని అడిగింది.

ఫిలిప్ మాత్రం అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నలుగురిలో తలెత్తుకోలేం వదినా! మనవళ్లను ఎత్తుకునే వయసులో ఇదేం బుద్ధి?" అని కేకలు వేశాడు. తన కొత్త భార్య అప్పుడు ఆరో నెల గర్భిణి అన్న సంగతి ఆయనకు ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

గొడవెందుకు, రిజిస్ట్రాఫీసులో సంతకాలు పెడదామన్నాడు ఇమ్మానుయేలు. లూదియా ఒప్పుకోలేదు. "దాక్కొని చేసుకునేదానికి నేనేం దొంగతనం చేయలేదు. అందరి మాదిరే మూడాదివారాలు చర్చిలో మన పేర్లు చదవల్ల. అడ్డం చెప్పేటోల్లుంటే నా మొగం చూసి చెప్పల్ల" అంది.

2006 ఫిబ్రవరిలో పెళ్లి ప్రకటన మొదలైంది. మొదటి ఆదివారం గుసగుసలు. రెండో ఆదివారం లూదియా పక్కన ఎప్పుడూ కూర్చునే కమలాక్షమ్మ లేచి వేరే చాప మీదికి జరిగింది. లూదియా కదలలేదు. మూడో ఆదివారం చర్చి కిక్కిరిసిపోయింది. యోహాను గారు ఇద్దరి పేర్లూ చదివి, "ఈ వివాహమునకు అభ్యంతరమున్నవారు ఇప్పుడే తెలుపవలెను" అన్నారు.

ఫిలిప్ లేచాడు. "నాకుంది పాస్టరయ్యా. మా అన్న సమాధి రాయి మీద ఆమె పేరుంది. పది సంవత్సరాలుగా అందరూ చూస్తాండారు. ఆ పేరు ఆడుండంగా ఆమె ఇంకొకరికి పెండ్లామెట్ల అయితాది?"

లూదియా లేచి నిలబడింది.

"ఆ పేరు నన్నడక్కుండా చెక్కించినారు. నేను బతికి ఉండాను, అందరూ చూడండి. మా ఇంటాయన్ను నేను మరిచిపోలేదు, ఎప్పటికీ మరిచిపోను. ఆయనతో ఉన్నన్ని దినాలు నిజంగా ఉన్న్యా. మిగిలిన దినాలు గూడా నిజంగానే బతకల్లనుకుంటాండా. మరిదిగారు పోయినేడాది కాక ముందేడు పెండ్లి చేసుకున్న్యాడు. ఆ పొద్దు నలుగుపిండి కలిపింది నేనే. అడ్డం చెప్పలేదే!"

మగవాళ్ల వైపు కొందరు తల దించుకున్నారు. ఫిలిప్ ముఖం కందిపోయింది. నలుగురిలో మాట పోయేసరికి, ఇంతకాలం లోపల దాచుకున్న అసలు సంగతి బయటికి తన్నుకొచ్చింది.

"మరి అమ్మనెవరు చూసుకుంటారు?" అని అరిచాడు.

ఆ మాట చర్చి అంతా వినబడింది. పరువు, రాయి, అన్న మీద గౌరవం, అన్నిటి అడుగునా ఉన్నది ఇదన్నమాట. జీతం లేకుండా, సెలవు లేకుండా పదేళ్లుగా చాకిరీ చేస్తున్న మనిషి చేజారిపోతోందన్న భయం. చదివే మనం కూడా ఒక్కసారి మన ఇళ్లలో వెతికి చూసుకుంటే మంచిది.

ఆడవాళ్ల వైపు నుంచి జీవమ్మ కర్ర ఊతంగా లేచింది. పక్కవాళ్లు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది.

"నన్ను చూసుకునేదానికి నా కడుపున పుట్టినోడివి నువ్ లేవా రా?" అంది కొడుకుతో. ఎక్కడో నవ్వు వినిపించి ఆగిపోయింది. "పాస్టరయ్యా, ఆ రాయి మీద పేరు వేయించమని చెప్పింది నేను. దాన్ని తీపించేది గూడా నేనే. నాకు ఇరవై ఏడేండ్లప్పుడు మొగుడు పోయినాడు. ఇద్దరు పిల్లోల్లు సంకలో. అప్పుడు నన్ను చేసుకుంటానని ఒకాయన అడిగినాడు. మంచోడు. నాకు గూడా ఇష్టమే. నలుగురికి బయపడి కాదన్న్యా. ఆ నలుగురిలో ఒక్కరన్నా మళ్లా నా వాకిట్లోకి వచ్చి తిన్నావా అని అడగలేదు. నేను పడిందే నా కోడలూ పడల్లని రాతి మీద రాపిచ్చినా. మూడు దినాలు దానితో మాట్లాడలేదంటే దాని మీద కోపం కాదు, నా మీద నాకే సిగ్గు."

లూదియా పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, నువ్ గూడా మాతోపాటు ఆళ్లగడ్డకు రా."

"నేను రాను. నా కొడుకింట్లో నేనుంటా. బుద్ధి పుట్టినప్పుడు నీ ఇంటికొచ్చి నాలుగు దినాలుండి పోతా. నన్ను సాకేదానికి కాదు నువ్ పుట్టింది."

యోహాను గారు ఫిలిప్ వైపు చూశారు. "ఇంకేమైనా అభ్యంతరముందా నాయనా?" అని మెత్తగా అడిగారు. ఫిలిప్ కూర్చున్నాడు. పాస్టరు పెళ్లి ప్రకటనల పుస్తకంలో సంతకం పెడుతుండగా, జీవమ్మ కర్రతో నేల మీద ఒక్క పోటు పొడిచి, చర్చిలో కూర్చున్న అందరివైపు తిరిగి, చెప్పాల్సిన చివరి మాట చెప్పింది.

"మొగుడు పోయిన ఆడది గూడా మనిషే. పోయినోల్ల కోసరం ఏడ్చేదానికి దానికెంత హక్కుందో, బతికుండే మనిషితో నవ్వేదానికి గూడా అంతే హక్కుంది. ఆ హక్కు ఇచ్చేదానికీ తీసేదానికీ మనమెవరం?"