బాల్‌సింగ్ దిద్దిన చిరునామా

బాల్‌సింగ్‌కు మాట మీద నిలబడే జబ్బు ఉంది. జబ్బనే అనాలి. మంచి గుణమే అయితే ఇంట్లోవాళ్లకు ఇన్ని తిప్పలు ఉండేవి కావు.

రెండేళ్ల కిందట, ఇచ్చిన తెలంగాణ ఇచ్చినట్టే వెనక్కి పోయిన రోజున, పెద్దవంగర దగ్గరి తమ తండాలో నలుగురి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. రాష్ట్రం వచ్చేదాకా ‘ఆంధ్రప్రదేశ్’ అన్న పేరు తన చేత్తో రాయనన్నాడు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి ఆ పేరు రాయకపోతే ప్రభుత్వానికి వచ్చిన లోటేమీ లేదు. కానీ బాల్‌సింగ్ అంతటితో ఊరుకునే రకమా? తన మోటార్‌సైకిల్ నంబర్ ప్లేటు మీద ఏపీని గీకేసి టీజీ అని తెల్లరంగుతో రాశాడు. తండాలో ఉన్న పదకొండు బండ్లకూ తనే రాసిపెట్టాడు. మండలాఫీసు ముందు ఉద్యమం టెంటుకు కట్టిన బ్యానర్ చూసి, TELANGANA అని ఇంగ్లిషులో పూర్తిగా రాయడం కూడా నేర్చుకున్నాడు. ఇంగ్లిషులో ఆయనకు వచ్చిన మాట అదొక్కటే.

సకల జనుల సమ్మె మొదలైన వారానికి కూతురు దీప మస్కట్ నుంచి వచ్చింది. అక్కడ ఆసుపత్రిలో నర్సు. రెండేళ్లకోసారి ఇచ్చే నెల రోజుల సెలవు. వచ్చిన మూడోరోజు, తల్లి కమ్లీ జొన్న రొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చుని మెల్లగా విషయం చెప్పింది. పిల్లవాడి పేరు డానిలో. అదే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఫిలిప్పీన్స్ దేశం.

కమ్లీ పొయ్యి ముందు కూర్చునే ఒక పూటంతా ఏడ్చింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని అసలు సంగతి అడిగింది.

“అన్నం తింటడానె?”

“మూడు పూటలా అన్నమే యాడీ. రొట్టె పెడితే ముఖం మాడుస్తడు,” అంది దీప తల్లితో.

“గట్లయితే మనోడే,” అంది కమ్లీ. ఆమె వరకు పెళ్లి ఖాయమైపోయింది.

బాల్‌సింగ్‌కు ఫోన్‌లో ఫొటో చూపించారు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఫోన్ తిరిగిచ్చేశాడు.

“ఫొటోల అందరు మంచిగనే ఉంటరు. ఫొటోల నేను గూడ మంచిగనే ఉంట. పిలగాన్ని ఇంటికి రమ్మను. పది దినాలు మన తండల ఉండని. నా కండ్లతోటి జూసినంకనే బెల్లం.”

తండాల్లో సంబంధం ఖాయమైందంటే పెద్దల ముందు బెల్లం పంచుకుని తినాలి. తిన్నాక ఇక తిరుగులేదు. పెళ్లికి ముందు పిల్లవాడు అత్తవారి తండాలో కొన్నాళ్లు ఉండటం కూడా పాత ఆచారమే. బాల్‌సింగ్ తానే కమ్లీ వాళ్ల తండాలో నెల రోజులుండి, కట్టెలు కొట్టి, ఆడవాళ్ల ఎకసెక్కాలన్నీ పడి మరీ పెళ్లి చేసుకున్నాడు. తను పడ్డ కష్టం అల్లుడు పడకపోతే ఎట్లా?

దీపకు ఆ కోరిక న్యాయంగానే తోచింది. కష్టమల్లా వీసాతోనే. డానిలోను పిలిచేవాళ్లు ఒక ఉత్తరం పంపాలట. అందులో చిరునామా ఉండాలట, కింద సంతకం ఉండాలట. ఫోన్‌లో తీసిన ఫొటో చాలదు, అసలు కాగితమే కావాలట. సమ్మెలో బస్సులు లేవు కాబట్టి తండ్రీకూతుళ్లు మోటార్‌సైకిల్ మీద జనగామ పోయారు. ఇంటర్నెట్ షాపులో దీప ఉత్తరం టైపు చేయించింది. ‘మా ఇంటికి అతిథిగా రావలసిందిగా’ అని మొదలై, తండా, పెద్దవంగర, వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ముగిసింది. సంతకం పెట్టమని తండ్రి చేతికిచ్చి, డానిలోతో మాట్లాడటానికి ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లింది.

బాల్‌సింగ్‌కు ఇంగ్లిషు చదవడం రాదు. కానీ రెండేళ్లుగా గీకి గీకి ఆ ఏ, పీ అక్షరాలు మాత్రం ఎక్కడున్నా కనిపెట్టగలడు. చిరునామా చివర్లో రెండూ పెద్దక్షరాలై కనబడ్డాయి. రాసింది తన చెయ్యి కాదు గదా అని ఒక నిమిషం సర్దుకున్నాడు. కింద సంతకం పెట్టేది తనే గదా అని మరో నిమిషానికి పెన్ను మూత తీశాడు. ఆ పేరును అడ్డంగా కొట్టేసి, పైన TELANGANA అని నంబర్ ప్లేటు రాసినంత శ్రద్ధగా రాసి, సంతకం పెట్టి, దీప ముందే డానిలో అడ్రస్ రాసిపెట్టిన కవరు అతికించి కొరియర్ వాడికి ఇచ్చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిపొడవునా ఈల వేశాడు.

తొమ్మిదో రోజు పొద్దున డానిలో ఫోన్ చేశాడు. దీప విన్నది, నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే గడపలో కూలబడింది.

“ఏమైందే?” అని కమ్లీ.

“వీసా ఇయ్యరట. కాగితం మీద రాష్ట్రం పేరు కొట్టేసి ఉందట. పైన రాసిన పేరుతోటి ఇండియల రాష్ట్రమే లేదంటున్నరు. దిద్దిన కాగితం చెల్లదట. ఈసారి పిలిచినోళ్లు మొత్తం అడ్రస్ తమ చేతితోటే రాసి పంపాల్నట.”

కమ్లీ మొగుడి వైపు చూసింది. బాల్‌సింగ్ గొడ్డలి పదును పరీక్షిస్తున్నాడు. దానికి నిన్ననే పదును పెట్టాడు.

“నువ్వే కొట్టేసినవా?”

“కొట్టేసిన. నా సంతకం మీద ఆ పేరెట్ల ఉంటది?”

“నీ తెలంగాణ రేపొస్తది, కాకుంటె ఎల్లుండొస్తది. బిడ్డ లీవు మళ్ల రెండేండ్లకు గాని రాదు. తెలుస్తున్నదా?”

దీప తండ్రిని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదని బాల్‌సింగ్‌కు అనిపించింది. పక్కకు వచ్చి నిలబడి, “వాళ్ల రిజిస్టర్ల లేదు బాపూ, గంతే. నువ్వు ఒట్టు తప్పకు. నేను ఆయనకేదో ఒకటి చెప్పుకుంట,” అంది. ఏం చెప్పుకుంటుందో అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది.

ఆ రోజు సమ్మె టెంటులో నినాదాలకు ఆయన గొంతు లేవలేదు. పక్కన కూర్చున్న జోసెఫ్ మండలాఫీసులో క్లర్కు. తన ఆఫీసుకు తనే తాళం వేసి వచ్చి సమ్మెలో కూర్చున్నాడు. ఏంది సంగతని ఆయన రెండుసార్లు అడిగితే బాల్‌సింగ్ అంతా చెప్పేశాడు. చెప్పి, ద్రోహి అంటాడేమోనని తల వంచుకున్నాడు.

జోసెఫ్ కాసేపు చెవి గోక్కున్నాడు.

“నేను ఇరవై ఏండ్ల సంది దినాం రాస్తున్న బాల్‌సింగన్నా ఆ పేరు. పొద్దుగాల రాస్త, మాపటీలి రాస్త. సర్టిఫికెట్ మీద, రసీదు మీద, అంతట అదే. అయినా ఇయ్యాల గిక్కడనే కూసున్న గద. రాసినంత మాత్రాన నేను వాళ్లోణ్ణయిపోయిన్నా?”

బాల్‌సింగ్ ఈ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. ఒట్టు పెట్టుకునే మనుషులకు ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఇంటికొచ్చి, “పెన్ను తే బిడ్డా, రాస్త,” అన్నాడు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాక ఇంకో చిక్కు బయటపడింది. TELANGANA తప్ప ఆయనకు ఇంగ్లిషు అక్షరాలు రావు. కొట్టేయడం ఒక్క గీతతో అయిపోయింది గానీ, రాయాలంటే నేర్చుకోవాలి.

దీప ఒక నోట్‌బుక్ తెచ్చి, ముందు ఊరు, జిల్లా పేర్లు దిద్దించి, కొత్త పేజీలో పై గీత మీద ANDHRA PRADESH అని రాసింది. కిందంతా ఆయన చూసి రాయాలి. ఒకప్పుడు ఇదే వాకిట్లో ఇసుక పోసి, కూతురి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించింది ఆయనే. ఇప్పుడు కూతురు తన వేళ్లు పట్టుకుని, “డి పొట్ట గిటు దిక్కు బాపూ, గటు గాదు,” అంటుంటే, తలాడించి మళ్లీ మొదలుపెట్టాడు. రెండేళ్లు ఒక్కసారి కూడా రాయని పేరును ఆ సాయంత్రం నలభై సార్లు రాశాడు. నుదుటి చెమట కాగితం మీద పడితే కొత్త పేజీ తీశాడు. కమ్లీ చూడనట్టే చూస్తూ చాయ్‌లో రోజూ కన్నా ఒక చెంచా చక్కెర ఎక్కువ వేసింది. ఆ మనిషి మీద ఆమెకు అంత ప్రేమ పెళ్లినాడు కూడా కలగలేదు.

ఈసారి కాగితంలో తప్పు లేదు. వీసా ఆఫీసు వాళ్లు తీసుకున్నారు. పదిహేను పనిదినాలు పడుతుందన్నారు. దీప సెలవు మిగిలింది ఆరు రోజులు.

ఆరూ గడిచాయి. ఆమె బయలుదేరే పొద్దున విమానాశ్రయానికి మాట్లాడిన జీపు వాకిట్లో ఆగింది. పెట్టె ఎక్కించబోతుంటే బాల్‌సింగ్ “జర ఆగు” అని తండా నాయక్ దేవ్‌సింగ్‌నూ, ఇంకో నలుగురు పెద్దలనూ వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో పళ్లెం, పళ్లెంలో బెల్లం.

దేవ్‌సింగ్ చాప మీద కూర్చుని చుట్టూ చూశాడు. “పిలగాడేడి?”

“వీసాల ఉన్నడు,” అన్నాడు బాల్‌సింగ్.

“మరి చూసినోళ్లెవరు? ఎవరన్న చూసి మంచోడని చెప్పాలె గద. ఉత్తగనే ఎట్ల తింటం బెల్లం?”

“నా బిడ్డ చూసింది.”

“బిడ్డ చూసుడు లెక్కల్నా? నువ్వే అంటివి, నా కండ్లతోటి చూడంది పంచనని. తండంత విన్నది.”

“అన్న. మస్తు మాటలన్న,” అన్నాడు బాల్‌సింగ్. పళ్లెం పెద్దల ముందుకు జరిపాడు. “నా ఒట్టు మీద నేనుంటే, నేను తప్పుతనేమోనని ఆమె పరేషాన్ అయింది. నన్ను గంత మంచిగ చూసుకున్న పిల్ల, మొగన్ని చూసుకోలేదా? ఆమె కండ్లు నా కండ్లు కావా? తినున్రి.”

దేవ్‌సింగే ముందు చెయ్యి చాచాడు.

బాల్‌సింగ్ ఒక ముక్క విరిచి మొదట దీప నోట్లో పెట్టాడు. ఆమెకు ఏడుపు వచ్చి నమలడం చేతకాలేదు. బయట జీపు డ్రైవర్ హారన్ కొట్టాడు. కమ్లీ వాకిట్లోకి వెళ్లి వాణ్ణి తమ భాషలో నాలుగు తిట్టి వచ్చింది.

“నములు బిడ్డా,” అన్నాడు బాల్‌సింగ్. పళ్లెంలో మిగిలిన బెల్లాన్ని కొత్త చేతిరుమాలులో కట్టి ఆమె సంచిలో దోపాడు. “గిది పిలగానికి తినిపియ్యి. నా పేరు చెప్పి తినిపియ్యి.” ఒక్క క్షణం ఆగి, పెద్దలకు వినబడకుండా అడిగాడు: “బెల్లానికి గూడ వీసా అడుగుతరానె?”

“అడగరు బాపూ,” అంది దీప.