కీ.శే. చూసినవా వదినా?

"కీ.శే. చూసినవా వదినా?"

కర్నూలు ప్రెస్సుకు ఏ పెళ్లికార్డు పంపాలన్నా ముందు హన్మంతు నోట ఈ మాట రావాల్సిందే. గద్వాల పాత బస్టాండు పక్క సందులో ఉన్న ఈ కార్డుల దుకాణానికి అదొక మంత్రమైపోయింది. ఆ మంత్రానికి మూలం వదిన వసంత చేసిన తప్పే. పదకొండేళ్ల కింద తిమ్మాజిపేట వాళ్ల కార్డు ఒకటి టైపు చేస్తూ, తొందరలో వేరే వాళ్ల పాత ఫైలు తెరిచి అందులోనే పేర్లు మార్చింది. పేర్లన్నీ మార్చింది గానీ ఒక పేరు ముందున్న కీ.శే. తీయడం మరిచిపోయింది. పెళ్లికొడుకు తాత మల్లయ్య గుండ్రాయిలా ఉన్న మనిషి. తన చావు తానే చదువుకుని, కార్డుల కట్ట చంకన పెట్టుకుని బస్సెక్కి వచ్చాడు. గడపలో నిలబడి "నన్ను సంపినామె ఎవరమ్మా?" అని అడిగాడు.

వసంత భర్త దశరథం అప్పటికి బతికే ఉన్నాడు. పదిమంది గిరాకీల ముందు భార్యను నిలబెట్టి కడిగేశాడు. "తలకాయ పొయ్యిల పెట్టి టైపు చేసినవానే? రెండక్షరాలతోని మనిషిని సంపినవ్ గద!" ముసలాయనకు కొత్త ధోవతి పెట్టి, శాంతి చేయించి, కాళ్లు మొక్కించి పంపాడు. మొక్కింది వసంతే. ఆ రోజు నుంచి ప్రతి కార్డులోనూ కీ.శే. ఎక్కడుందో వేలు పెట్టి చూసి గానీ పంపకూడదన్నది ఇంటి చట్టం.

దుకాణం బోర్డు మీద ఉన్నది దశరథం పేరు. ఆ దశరథానికి కంప్యూటర్ ఎటువైపు నుంచి తెరుస్తారో చచ్చేదాకా తెలియదు. పెళ్లయిన ఆరు నెలలకే "ఊకె కూసునుడెందుకు, నేర్సుకో" అని వసంతను కంప్యూటర్ సెంటర్‌కు పంపింది ఆయనే. ఆ ఊరికే కూర్చోవడం ఏమిటంటే, పొద్దున నాలుగిళ్ల చాకిరీ ఒక్క ఇంట్లో ముగించుకుని, కూర పొయ్యి మీద పెట్టి దుకాణానికి వచ్చి, మళ్లీ కూర అడుగంటేలోగా ఇంటికి పరుగెత్తడం. కార్డు బాగుందని ఎవరైనా అంటే దశరథం మీసం దువ్వుకునేవాడు. ఎవరు చేశారని అడిగితే "మా ఇంట్లామె రెండు బటన్లు ఒత్తుతది లే" అనేవాడు. మూడేళ్ల కింద గుండె ఆగి పోయాడు. దుకాణం తమ్ముడు హన్మంతు చేతికి వచ్చింది. బటన్లు మాత్రం వసంతకే మిగిలాయి.

ఇప్పుడు ఆ బటన్లతో చేయాల్సిన పని తక్కువేం కాదు. ఒకప్పుడు గణపతి బొమ్మ, రెండు అరటి చెట్లు, పసుపు రంగు కాగితం ఉంటే అది పెళ్లికార్డు. ఇప్పుడు పెళ్లికొడుకు బుల్లెట్ మీద, పెళ్లికూతురు వెనకాల కూర్చున్న కార్టూన్ కావాలి. ఫంక్షన్ హాలుకు దారి చెప్పే క్యూఆర్ కోడ్ కావాలి. వాట్సాప్‌లో పంపడానికి సన్నాయి మోగే వీడియో కావాలి. నాటితే బంతి మొక్క మొలిచే కాగితం కావాలంటారు ఒకరు. చదివి అవతల పారేసే దానికి లక్క ముద్ర వేయమంటారు ఇంకొకరు. అన్నింటికంటే జోరుగా నడుస్తున్నది గద్వాల చీర అంచు కార్డు. అంచు జరీ ఉన్నదున్నట్టు కార్డు చుట్టూ తిరగాలి, మధ్యలో నేత రంగు కనపడాలి. ఊళ్లో మగ్గాలకు పని ఉన్నా లేకున్నా కార్డుల మీద మాత్రం చీరలు తెగ నేస్తున్నారు అని వసంత నవ్వుకునేది.

కూతురు శ్రీవాణికి వనపర్తి అరవింద్‌తో సంబంధం కుదరగానే ఆ నవ్వు ఆగిపోయింది. ఆ కార్డు ఇంకెవరికీ ఉండకూడదనుకుంది. బీరువా అడుగున మూడేళ్లుగా మడత విప్పని తన పెళ్లిచీర తీసింది. కుంకుమరంగు పట్టంచు, అంచంతా జరీ గోపురాలు. ఇక కట్టుకోవద్దని అందరూ చెప్పిన చీర. దాన్ని స్కానర్ అద్దం మీద జానెడు జానెడు పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసి, అంచు మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించింది. నాలుగు రోజులు పట్టింది. మధ్యలో పేర్లు వేసింది. అందులో ఒక వరుస: శ్రీమతి వసంత, కీ.శే. దశరథం గార్ల ఏకైక పుత్రిక.

ప్రూఫు చూసి హన్మంతు మెచ్చుకున్నాడు. "చీర మస్తుగ వచ్చింది వదినా." తర్వాత ఎర్ర పెన్ను తీసి ఆమె పేరు మీద అడ్డంగా గీత గీశాడు. కోపంతో కాదు, దీర్ఘం తప్పు పడితే దిద్దినట్టే గీశాడు.

"గిదేంది హన్మంతూ?"

"పసుపు వెట్టే కాగితం వదినా. నాలుగు మూలలకు పసుపు రాసి, దేవుని కాడ వెట్టి పంచుతం. దాని మీద నీ పేరుంటె ఆ వనపర్తోళ్లు ఏమనుకుంటరు? నాకేం పట్టింపు లేదు, లోకం గురించి చెప్తున్న. నేను, రాధమ్మ పిలుస్తున్నట్టు రాయి. కన్యాదానం గూడ మేమే చేస్తం గద."

"మీ అన్న పేరున్నది. సచ్చిపోయినాయిన పేరు పసుపు కాగితం మీద పనికొస్తదా?"

"అన్న పెద్దలల్ల కలిసిండు. ఆయన పేరుంటె దీవెన. నీది వేరే."

ఆ "వేరే" ఏమిటో అతను విడమరచలేదు. అక్కడే మల్లెపూల బొమ్మల శాంపిళ్లు సర్దుతున్న తోడికోడలు రాధమ్మ మాత్రం ఓదార్చింది. "నువ్వేడికి పోతవక్కా? పెండ్లంత నీ చేతుల మీదనే గద." నిజమే. అరిసెలకు పిండి దంచేది, వచ్చినవాళ్లకు వడ్డించేది, మిగిలిన విస్తర్లు ఎత్తేది ఆ చేతులే. చేతులకు అశుభం అంటదు గానీ పేరుకు అంటుతుంది కాబోలు.

వసంతకు కోపం రావాలి. రాలేదు. భయం వేసింది. ఎందుకంటే ఈ గీత ఆమెకు కొత్త కాదు. ఇరవై రెండేళ్లలో ఇలాంటి గీతలు చూసి ఎన్ని పేర్లు తానే చెరిపిందో! కొల్లాపూర్ నుంచి ఒకామె కొడుకుతో వచ్చింది ఒకసారి. మామిడి తోటలో కాయలు కోసి కోసి చేతులు నల్లబడిన మనిషి. కొడుకు "అమ్మ పేరొద్దు" అని చెప్పి ఫోను వస్తే బయటికి వెళ్లాడు. ఆమె బల్ల మీదికి వంగి, "బిడ్డా, ఏడనన్న ఒక మూలకు, సన్నగ పెట్టరాదూ. ఎవ్వల కండ్లకు ఆనకుంట" అంది. వసంత పెట్టలేదు. మల్లయ్య కార్డుకు భర్త చేత తిన్న తిట్లు గుర్తొచ్చి, గిరాకీ చెప్పింది చెప్పినట్టు చేసింది. బతికున్న మల్లయ్యను పొరపాటున చంపినందుకు కాళ్లు మొక్కించిన వాళ్లలో ఒక్కరైనా, బతికున్న ఇంతమంది ఆడవాళ్లను కావాలని చెరిపేసినందుకు ఆమెను ఏమీ అనలేదు. ఆమె కూడా తనను తాను ఏమీ అనుకోలేదు. ఇప్పుడు తన వంతు వచ్చాక గానీ తెలియలేదు.

చివరి ఆశగా హైదరాబాద్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసింది. శ్రీవాణి ఉద్యోగం చేస్తుంది, చదువుకుంది, తల్లి కష్టం చూసి పెరిగింది. ఒక్క మాట అంటే చాలు. వనపర్తి వాళ్లకు ఆమె చెప్తే చెల్లుతుంది.

"నాకు గూడ బాధనే అమ్మా," అంది శ్రీవాణి. "కానీ అరవింద్ వాళ్లమ్మకు నేనెట్ల చెప్పాలె? ఇప్పుడే లొల్లి ఎందుకు? కార్డే కదా అమ్మా, పడేసేదే. వీడియోల నీ పేరు పెడదాంలే, లాస్టుకు."

"సరె బిడ్డా," అంది వసంత.

ఫోను పెట్టేశాక దుఃఖం ఆగలేదు. టైపు చేస్తున్నట్టు తెర వైపు ముఖం పెట్టి ఏడ్చింది. తొమ్మిది నెలలు మోసిన దానికి, కూర మాడబెట్టి తిట్లు తిని ఫీజులు కట్టించిన దానికి ఆమె అడుగుతున్నది మూడక్షరాలు. దశరథం ఆ పిల్లను ఏనాడూ బడి దాకా తీసుకుపోలేదు. ఆయనకు కార్డులో చోటుంది. ఏం చేసి సంపాదించాడు ఆ చోటు? చచ్చిపోయి సంపాదించాడు.

ఆ మాట దగ్గర వసంత ఏడుపు ఆగిపోయింది.

మధ్యాహ్నం హన్మంతు బయట బండి మీద కూర్చుని మగపెళ్లివారితో ఫోనులో మాట్లాడుతున్నాడు. ప్రూఫులో తన పేరు, రాధమ్మ పేరు పెద్దక్షరాల్లో వచ్చాయో లేదో ఇందాకే చూసుకుని పోయాడు. మూడింటికల్లా ఫైలు కర్నూలుకు పోవాలి. వసంత చీర కొంగుతో ముఖం తుడుచుకుని కుర్చీ ముందుకు జరుపుకుంది. చావాలని లేదు ఆమెకు. బిడ్డ పెళ్లి చూడాలని ఉంది, అరిసెలు వండాలని కూడా ఉంది. కానీ ఆ కార్డులోకి పోవడానికి ఈ లోకం తెరిచి పెట్టిన తలుపు అదొక్కటే. కుంకుమరంగు అంచు నడుమ, ఒక్కో అక్షరం చూసి చూసి కొట్టింది: 'తమ అన్నగారైన కీ.శే. దశరథం, వదినగారైన కీ.శే. వసంత గార్ల ఏకైక పుత్రిక.' ఒత్తులు, దీర్ఘాలు అన్నీ సరిచూసింది. పాత చట్టం ప్రకారం వేలు పెట్టి కూడా చూసింది. పంపేసింది.

బయట బండి స్టార్టయింది. హన్మంతు గడపలోకి తల పెట్టి, అలవాటు చొప్పున అడిగాడు.

"కీ.శే. చూసినవా వదినా?"

"చూసిన. రెండున్నయి. రెండూ సరిగ్గనే ఉన్నయి."