గులాబీ మడిలో నార్మన్

జూన్ నెల రెండో శనివారం మా ఊరి చర్చి వాళ్ళం బస్సు మాట్లాడుకుని థార్న్‌బీ కోటకు వెళ్ళడం ఆనవాయితీ. ఆ కోట గోడలు ఎంత మందమంటే, లోపల మామగారు తుమ్మితే బయట ఉన్న అల్లుడికి మర్నాటికి గాని వినపడేది కాదని మా తాత చెప్పేవాడు. ఆయన మాటల్లో సగం నమ్మవచ్చు. ఏ సగమో ఆయనకే తెలియదు.

ఈ ఏడు బస్సు దిగగానే అందరూ టీ దుకాణం వైపు నడిస్తే, డోరీన్ ప్రాట్లీ మాత్రం తోట దారి పట్టింది. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళు ఆమె మాట వినడం మానేసి చాలా కాలమైంది. కూతురు గిలియన్ వెంటపడింది.

"టీ తాగి వెళ్దాంలేమ్మా. పువ్వులేమన్నా పారిపోతాయా?"

"నువ్వు తాగిరా. నేను పసుపుపచ్చ గులాబీల దగ్గర కూర్చుంటాను."

"అక్కడికా? అయితే నేనూ వస్తా" అంది గిలియన్, కాస్త కంగారుగా.

డోరీన్ భర్త నార్మన్ పోయి రెండేళ్ళయింది. దహనం తరువాత ఇచ్చిన బూడిదను జాడీలో పోసి బీరువా మీద పెట్టారు. ఆ తరువాత ఆ ఇంట్లో ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. మా వాళ్ళకు కన్నీళ్ళంటే అంత సిగ్గు. గుండె పగిలిపోతున్నా "ఇవాళ ఎండ బాగుంది కదూ" అంటారు. నిరుడు ఇదే యాత్రలో డోరీన్ ఆ బూడిదను టీ ఫ్లాస్కులో దాచి తెచ్చి, ఎవరూ చూడకుండా పసుపుపచ్చ గులాబీల మొదట్లో కుమ్మరించింది. "నన్ను పెళ్ళి చేసుకుంటావా" అని నార్మన్ ఆమెను అడిగింది అక్కడే. ఈ రోజు వాళ్ళ పెళ్ళిరోజు.

మలుపు తిరిగేసరికి మడి ఖాళీ. ఒక్క మొక్క లేదు. కొత్త మట్టి మాత్రం నల్లగా పరచి ఉంది.

"చెట్లేవయ్యా?" అంది డోరీన్, అక్కడున్న తోటమాలి క్లిఫ్‌తో.

"చచ్చిపోయాయమ్మా. ఎవరో మహానుభావులు చితి బూడిద పోసి పోయారు. దాన్లో ఉప్పుంటుంది, వేళ్ళు మాడిపోతాయి. పిడికెడైతే తట్టుకునేవే, ఇది నిలువెత్తు మనిషాయె! మట్టంతా తవ్వి, ఎరువు గుంట వెనక పారబోశాం."

డోరీన్ ఆ నల్లమట్టి వైపు చూసింది. "నేను పోసిన నార్మన్‌ను పారబోశారా?" అంది.

క్లిఫ్ చేతిలోని పార జారింది. గిలియన్ ముఖం పాలిపోయింది.

"నువ్వు పోయడమేంటమ్మా? పోసింది నేను కదా!"

"ఏమిటే?"

"నిరుడు ఈస్టరుకి. జాడీలోంచి సగం తీశాను. చెబితే ఏడుస్తావని..."

"అదా సంగతి! ఫ్లాస్కులో పోస్తుంటే, ఇంత పెద్ద మనిషి ఇలా తేలికైపోయాడేమిటా అనుకున్నాను. నిన్నడిగితే నువ్వు ఏడుస్తావని నేనూ..."

ఇద్దరూ ఒకరినొకరు కొత్త మనుషుల్ని చూసినట్టు చూసుకున్నారు.

క్లిఫ్ టోపీ తీసి, వాళ్ళను ఎరువు గుంట వెనక్కి తీసుకుపోయాడు. మట్టి కుప్ప మీద దురదగొండి నడుమెత్తు పెరిగి ఉంది.

"ముందే అడిగుంటే పడమటి గోడ కింద చోటు చూపించేవాణ్ణమ్మా. బూడిద పోసుకోవడానికనే ఉంచాం. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ అడగలేదు."

"బతికున్నప్పుడూ ఇంతే, దగ్గరికి పోతే చాలు చురుక్కుమనిపించేవాడు" అంది డోరీన్ దురదగొండిని చూస్తూ. నవ్వబోయి భోరుమంది. గిలియన్ ఆమెను పట్టుకుంది. రెండేళ్ళలో తల్లీకూతుళ్ళు కలిసి ఏడవడం అదే మొదలు.

తిరుగు ప్రయాణంలో డోరీన్ బస్సులో లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. అప్పుడు పోస్టుమ్యానుగా రిటైరైన టోబిన్ గొంతు సవరించుకుని, "మా ఆవిడ హిల్డా... కోట ఫౌంటెన్‌లో ఉంది" అన్నాడు. వెనక సీట్లోంచి పాస్టరు గారి భార్య, "మా అమ్మ లావెండరు మడిలో" అంది. ఒక చెయ్యి లేచింది. ఇంకొకటి. పాస్టరు గారు నిర్ఘాంతపోయి భార్య ముఖమే చూస్తున్నాడు.

డోరీన్ కళ్ళు తుడుచుకుని అంది: "ఒకే కప్పు కింద ఉంటూ ఎవరి ఏడుపు వాళ్ళు దాచుకున్నాం కాబట్టే ఇంత పని జరిగింది. పోయినవాళ్ళ పేరు ఇంట్లో గట్టిగా పలకండి, కలిసి ఏడవండి!"